లెక్కల మిషనుకు శ్రీకారం

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ నాకు చెప్పీ చెప్పీ అలసిపోయింది. నా నోరు అంత మంచిదేం కాదు. అయినా కర్నూలు నాకు మంచి ఊరే అయింది. ఆ ఊరి పత్తి మిల్లులో, కాటాకు ఎదురుగా ఉండే చిన్న ఆఫీసు గదిలో, ఒక ఇనుప మిషను ముందు నా పడుచుతనమంతా గడిచింది. ఇప్పటికీ పక్కింట్లో ఎవరైనా ఇనప్పెట్టె మూత గట్టిగా వేస్తే ఆ మిషను పిడి లాగిన చప్పుడే నాకు వినబడుతుంది. చెయ్యి దానంతట అదే కుడివైపుకు పోతుంది. పోయి, అక్కడ ఏమీ లేక ఒళ్లో పడుతుంది.

మాది ఆత్మకూరు పక్కన పల్లె. నల్లమల గాలి తగిలే చోటే గానీ వాన తగిలే చోటు కాదు. నాన్న ఓబన్నకు కొర్ర, జొన్న పండే కొంచెం చేను, ఆదివారం చర్చిలో గంట కొట్టే పని. నేను కర్నూల్లో దొరసానమ్మల బడిలో చదివి, అక్కడే టైపు కొట్టడం నేర్చుకున్నాను. పత్తి మిల్లు మేనేజరు వెంకోబరావు గారు అంకెలు తప్పు లేకుండా కొట్టే మనిషి కావాలని బడికి కబురు పంపితే, దొరసానమ్మ నన్ను పంపింది. మా పల్లెలో అందరూ బుగ్గలు నొక్కుకున్నారు. ఆడపిల్లను పత్తి మిల్లుకు పంపితే పత్తి ఏరడానికి పంపాలి గానీ కుర్చీలో కూర్చోబెట్టడానికి పంపుతారా అన్నారు. నాన్న ఆ మాటలు పక్కనబెట్టి నన్ను వెంటబెట్టుకొచ్చాడు. నన్ను మిల్లు గేటు దగ్గర దించేటప్పుడు మాత్రం, కుర్చీలోంచి నీ అంతట నువ్వు లేస్తే సరే, ఎవరో లేపితే మాత్రం నేను ఊళ్లో తలెత్తుకోలేను అన్నాడు. ఆ మాట నాకు మెడలో రాయిలా ఉండిపోయింది.

రెండో యుద్ధం ఇంకా రాలేదు. అప్పుడే మద్రాసు నుంచి రైల్లో, చెక్కపెట్టెలో, గడ్డి చుట్టుకొని ఆ లెక్కల మిషను వచ్చింది. నల్లటి ఇనుము. పక్కలకు మాత్రం అద్దాలు బిగించి ఉండేవి, లోపల జరిగేదంతా కనబడేది. ముందు వరసలు వరసలుగా మీటలు, కుడిపక్క పెద్ద పిడి. మీటలు నొక్కి పిడి లాగితే, లోపల సన్నటి ఇనుప పట్టీలు పైకి లేచి, నొక్కిన అంకె దగ్గర ఆగేవి. వాటి వెనక చిటికెన వేలంత సుత్తులు ఒక్కసారిగా కొట్టేవి. మధ్యలో సిరా గుడ్డ, దాని వెనక కాగితం చుట్ట. టప్పుమని అంకె పడేది. చివర్లో ఇంకో మీట నొక్కి లాగితే మొత్తం కూడిక అదే అచ్చు వేసేది. మొదటిరోజు నేను కూడిక కోసం కాక, ఆ సుత్తులు లేచి పడటం చూడటానికే పిడి లాగుతూ కూర్చున్నాను. వెంకోబరావు గారు వచ్చి, అది రాట్నం కాదమ్మా, కాగితం అయిపోతుంది అన్నారు.

ఆ గదిలో నాకంటే ముందు నుంచి ఉన్నవాడు సుంకప్ప. కాటా గుమాస్తా. పత్తికొండ అవతలి పల్లెవాడు. ఎర్ర తలపాగా, నల్ల కోటు, చెవికి పోగు. అంతవరకూ ఆ మిల్లుకు లెక్కల మిషను ఆయన తలకాయే. బండ్లలో వచ్చే పత్తి బోరాల తూకాలు కాటా దగ్గర చీటీల మీద రాసి పంపితే, ఆయన కళ్లు మూసుకొని పెదాలు కదిపి కూడిక చెప్పేసేవాడు. మేనేజరు గారు ఇకపై ఆయన్ను చీటీలు చదవమన్నారు, నన్ను మీటలు నొక్కమన్నారు. సుంకప్ప చదవనన్నాడు. తన స్టూలు గోడవైపు తిప్పుకొని కూర్చున్నాడు. చీటీలు నేనే చదువుకొని, నేనే నొక్కుకునేదాన్ని.

ఆయన నీళ్ల కుండ వేరు, నా నీళ్ల కుండ వేరు. నా చేతి నుంచి కాగితం తీసుకునేవాడు కాదు. నేను బల్ల మీద పెడితే, కాసేపు ఆగి, అప్పుడు తీసుకునేవాడు. ఆ కాలం అంతేలే అని ఇప్పుడు అందరూ తేలిగ్గా అంటారు. ఆ కాలంలో ఉన్నవాళ్లకు అది తేలిక కాదు. నేను కాగితం బల్ల మీద పెట్టేదాన్ని కాదు, వేసి కొట్టేదాన్ని. మేనేజరు గారు తన గదిలోంచి, ఏం పడిందమ్మా అని అడిగేవారు.

అయినా మిషను మీద ఆయనకు మనసు పోకుండా లేదు. ఓరకంటితో అద్దంలోకి చూసేవాడు. ఒకరోజు పట్టలేక అడిగాడు, సున్నాకు మీట యాడుండాదని. నిజమే, ఆ మిషనులో ఒకటి నుంచి తొమ్మిది దాకానే మీటలు. సున్నాకు మీట లేదు. సున్నా లేని లెక్క ఏం లెక్క అని ఆయన ముసిముసిగా నవ్వాడు. నేను రెండు వందల ఎనిమిదికి మీటలు నొక్కి, అద్దంలోకి చూడమని చెప్పి, పిడి మెల్లగా లాగాను. ఎడమవైపు రెండు అంకె సుత్తి లేచింది. లేస్తూ లేస్తూ తన పక్క సుత్తి కొక్కేన్ని తట్టింది. దానికి ఏ మీటా నొక్కకపోయినా అదీ లేచి సున్నా కొట్టింది. ఎడమపక్క ఎవరూ లేవకపోతే మాత్రం సున్నా సుత్తి కదలదు. సుంకప్ప మళ్లీ లాగమన్నాడు. మళ్లీ చూశాడు.

"పెద్దాయన లేస్తే పక్కనుండేటోళ్లు లేసి నిలబడినట్ల," అన్నాడు. "దీనికి మర్యాద తెలుసు."

ఆ మాటకు నాకు నవ్వొచ్చింది. కానీ నవ్వితే ఓడిపోయినట్టని మూతి బిగించుకున్నాను.

తర్వాత కొన్నాళ్లకు పసుపు మొదలైంది. పొద్దున నేను వచ్చేసరికి మిషనులో కాగితం చుట్ట మొదటి అంచుకు పసుపు పూసి ఉండేది. తడి తడిగా, ఆముదం వాసన వేస్తూ. ఆ కాగితం నున్నగా ఉండేది, ఉత్త పసుపు నిలవదు, అందుకని ఆముదంలో కలిపి పూసేవాడు. నాకంటే ముందు ఆ గది తలుపు తీసేది సుంకప్ప ఒక్కడే. ఎవరు పూశారో అడగాల్సిన పని లేదు. ఎందుకు పూశాడో కూడా అడగాల్సిన పని లేదనుకున్నాను. నా చేతి మైల పోవడానికి. ముందురోజంతా నా వేళ్లు తగిలిన మిషను కదా. నాకు ఒళ్లు మండిపోయేది. అయినా ఆయన్ను అడిగి, ఆ మాట ఆయన నోటితో వినడం నాకు ఇష్టం లేదు. మొదటి జాబితా కొట్టడం అయ్యాక ఆ పసుపు అంచును ఆయన చూస్తుండగా పరపరా చింపి బుట్టలో వేసేదాన్ని. ఆయన ఏమీ అనేవాడు కాదు. మర్నాడు పొద్దున మళ్లీ పసుపు ఉండేది. మా ఇద్దరికీ మధ్య మాటల్లేని ఈ తగువు ఒక సీజనంతా నడిచింది.

మరుసటి ఎండాకాలం సున్నాలు పడటం మానేశాయి. ఒకసారి పడేవి, ఒకసారి పడేవి కావు. రెండు వందల ఎనిమిది కొడితే రెండు పడేది, ఎనిమిది పడేది, మధ్యలో బోసి. కూడిక మాత్రం సరిగ్గానే వచ్చేది, ఎందుకంటే కూడేది వేరే చక్రాలు, కొట్టేది వేరే సుత్తులు. సిరా గుడ్డ పాతబడిందేమోనని మార్చాను. లాభం లేదు. మేనేజరు గారికి చెప్పాను. కూడిక సరిపోతోంది కదా, సీజను కానివ్వు అన్నారు. పోనీ, కలంతో సున్నా పెడదామంటే మద్రాసు ఆఫీసు ఆజ్ఞ ఒకటి ఉంది. మిషను కొట్టిన కాగితం మీద చేతిరాత ఒక్క గీతయినా ఉండకూడదు. అలా ఉంటే ఆ కాగితం చెల్లదు.

మద్రాసులో ఆ కాగితాలు చూసి ఎత్తిరాసేవాళ్లు ఆ బోసిని పట్టించుకోలేదు. రెండు వందల ఎనిమిది పౌండ్ల బోరాను ఇరవై ఎనిమిదిగా రాసుకున్నారు. వాళ్లు మళ్లీ కూడితే మా కూడికతో కలవలేదు. అక్కడి నుంచి ఇంగ్లీషులో కాగితం వచ్చింది. మిషను బాగుచేసే మనిషిని పంపుతున్నాము. తప్పు మిషనుదైతే బాగు చేస్తాడు. మిషను ముందు కూర్చునే మనిషిదైతే, ఆ మనిషిని మార్చండి.

వెంకోబరావు గారు ఆ కాగితం నాకు చదివి వినిపించారు. ఆయన చెడ్డవారు కాదు, కానీ మద్రాసు కాగితానికి ఎదురు రాసే మనిషీ కాదు. ఆ వారమంతా నాన్న మాటే చెవిలో మోగేది. మా పల్లెలో చర్చి ముందు కూర్చునే ఆడవాళ్ల మొహాలు కూడా కనబడేవి. వెనక్కిపోతే కలుపు తీయడానికి నాకు సిగ్గు లేదు. చిన్నప్పుడు తీసినదాన్నే. కానీ ఎవరో లేపితే కుర్చీలోంచి లేచిపోవడానికి సిగ్గు. సుంకప్ప కూడా ఆ వారం నా వైపు చూడలేదు. పొద్దున పసుపు మాత్రం తప్పలేదు.

మద్రాసు నుంచి వచ్చిన మెకానిక్ పేరు ఏసేపు. దొర ఎవరో వస్తాడనుకుంటే, వేంపల్లెలో పుట్టిన మనిషి వచ్చాడు, మా మాటే మాట్లాడుతూ. తోలు సంచి తెరిచి, మిషను వీపు విప్పి, సుత్తుల వరసను బయటికి తీశాడు. మేనేజరు గారు చేతులు వెనక కట్టుకొని నిలబడ్డారు. నేను గోడకు ఆనుకొని నిలబడ్డాను. సుంకప్ప స్టూలు మీదనే ఉన్నాడు, కానీ ఆరోజు స్టూలు గోడవైపు లేదు.

ఏసేపు సన్నటి పుల్లతో సుత్తుల కొక్కేల మధ్య గీకాడు. పచ్చటి జిగురు వచ్చింది. వేలికి రాసుకొని వాసన చూశాడు.

"పసుపు. ఆముదం," అన్నాడు. "కూర ఏమన్నా వండినారా ఇందులో?"

ఆయన మేనేజరు గారికి విడమరచి చెప్పాడు. కాగితం అంచున ఉన్న తడి పసుపు రోలరు తిరిగినప్పుడల్లా రాలి, ఈ సందుల్లో పడింది. ఆముదం ఎండకు జిగురైంది. మీట నొక్కిన సుత్తికి బలం ఉంటుంది కాబట్టి అది కొడుతుంది. సున్నా సుత్తికి సొంత బలం లేదు, పక్కవాడు కొక్కేన్ని తడితేనే లేవాలి. ఆ కొక్కెం అంటుకుపోయింది. మిషను కొట్టే మనిషి చేతిలో తప్పేమీ లేదు, పసుపు ఎవరు పెట్టారో వాళ్లదే.

మేనేజరు గారు నావైపు చూశారు. చర్చికి పోయేదాన్ని, పసుపు పెట్టేది నేను కాదని ఆయనకు తెలుసు. అయినా నా నోటి నుంచి వినాలనుకున్నట్టున్నారు. నా నోటి సంగతి ముందే చెప్పాను కదా. ఒక సీజనంతా దాచుకున్న మంట నాలుక చివరికి వచ్చి నిలబడింది. నా చేతి మైల కడగడానికి పూశాడండీ అని అనేదాన్నే. పెదవి విప్పేలోగా సుంకప్ప లేచాడు.

"నేనే పూసినా సామీ. ఆ పాపదేం తప్పు లేదు."

ఎందుకు పూశావని మేనేజరు గారు అడిగారు. సుంకప్ప తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆయన తల నెరిసిందని అప్పటిదాకా నాకు తెలియదు.

"శ్రీ లేకుండా, పసుపు లేకుండా కాగితం రాసేది సావు కబురుకే గదా సామీ. ఇందులో కలం పెట్టగూడదంటిరి, శ్రీ రాయనీకె లేదు. ఈ పాప దినామూ పొద్దున్నే వచ్చి కూసోని, బోసి కాగితం మొదులుపెడతాది. మా ఇండ్లల్లో అయితే ఎవురమ్మా పోయినారని అడుగుతారు. సిన్నపిల్ల. దినామూ దాని సేత సావు కాగితం రాయిస్తాంటే సూస్తా కూసోనీకె నాకు మనసు రాలే."

నేను గోడకు ఆనుకునే ఉన్నాను, కానీ గోడ ఉందో లేదో తెలియలేదు. నా చేతి నీళ్లు తాగని మనిషి, నా చేతి కాగితం అందుకోని మనిషి, పొద్దున్నే లేచి, ఆముదంలో పసుపు రంగరించి, నాకు చెడు జరగకూడదని పూస్తున్నాడు. నేను ఆయన కళ్లెదురుగా దాన్ని చింపుతున్నాను. ఏడుపు వచ్చింది. ఎవరూ చూడకుండా కొంగుతో తుడుచుకున్నాను గానీ, ఏసేపు చూశాడు.

మేనేజరు గారు మద్రాసు కాగితం తీసి మళ్లీ చూశారు. ఆయన ఇంట్లో రాసే ప్రతి ఉత్తరానికీ పైన శ్రీ ఉంటుంది, నాకు తెలుసు, పోస్టులో వేసేది నేనే. చివరికి, ఇంటి ఆచారం ఇంట్లో, ఆఫీసు ఆచారం ఆఫీసులో సుంకప్పా, అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు. మద్రాసుకు ఏమని రాయాలో తనకు పాలుపోవడం లేదన్నారు. పసుపు అని రాస్తే వాళ్లు సుంకప్పను ఉంచరు. మిషను వచ్చాక ఇద్దరు ఎందుకని వాళ్లు ముందే ఒకసారి అడిగి ఉన్నారు.

అప్పుడు నా నోరు మొదటిసారి మంచి పని చేసింది. దుమ్ము అని రాయండి సార్ అన్నాను. పసుపు కూడా ఎండితే దుమ్మే కదా, పత్తి మిల్లులో దుమ్ముకు కరువా అన్నాను. మేనేజరు గారు ఏసేపు వైపు చూశారు. ఏసేపు పుల్ల మీది జిగురు చూపిస్తూ, ఇందులో పత్తి పీచు కూడా ఉండాది సార్, దుమ్మే ఇది అన్నాడు. మేనేజరు గారు గడ్డం గోక్కున్నారు. సరే, దుమ్మే, కానీ ఇకపై ఆ మిషను పక్కన పసుపు అనే మాట వినబడకూడదు అన్నారు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. సుంకప్ప కూర్చోలేదు.

"అట్లయితే నన్ను పంపించేయండి సామీ. బోసి కాగితం ఎదురుగా కూసునేది నాతో కాదు."

అది బెదిరింపు కాదు. ఆయన గొంతులో కోపమే లేదు. చేతకాని పనిని చేతకాదని చెబుతున్నాడు, అంతే. అప్పటిదాకా ఆయన పోతే పీడా పోయిందనుకునేదాన్ని. ఆ క్షణాన ఆయన స్టూలు ఖాళీగా ఉండటం తలుచుకుంటే ఆ గదే నాకు వద్దనిపించింది.

ఏసేపు సుత్తులను కిరసనాయిలుతో కడిగి మళ్లీ బిగిస్తున్నాడు. బిగిస్తూనే, జాబితా మొదలుపెట్టేముందు ఖాళీ పిడి లాగడం లేదా మీరు అని నన్ను అడిగాడు. లేదన్నాను. కాగితం దండగని మేనేజరు గారు మొదట్లోనే వద్దన్నారు. ఏసేపు తల అడ్డంగా ఊపాడు. ముందు ఖాళీగా లాగాలని, లేకపోతే పాత లెక్క లోపల మిగిలి ఉందో లేదో చూసేవాళ్లకు ఎట్లా తెలుస్తుందని అన్నాడు. మద్రాసులో అందరూ అలాగే చేస్తారట. కొత్త కాగితం ఎక్కించి, ఏ అంకే నొక్కకుండా, కూడిక మీట ఒకటే పట్టుకొని పిడి లాగాడు. టప్పుమంది. తెల్లటి కాగితం తలమీద, అంకెలేమీ లేకుండా, ఒక్క గుర్తు పడింది. చిన్నగా, రేకులు రేకులుగా.

"ఏ లెక్కయినా ముందు ఇది పడాల సుంకప్పా. కడుపులో ఏం దాసిపెట్టుకోలేదు, కొత్తగా మొదులుపెడతాండానని ఇదే చెప్పుకుంటాది. దీని శ్రీకారం ఇదే."

సుంకప్ప ముందుకొచ్చి వంగి చూశాడు. తుమ్మిపువ్వు మాదిరి ఉండాదే అన్నాడు. క్రిస్మసుకు మేము ఇంటిముందు కట్టే చుక్కలా ఉందని నాకు అనిపించింది. ఏ దేవుడి గుర్తు అని ఆయన అడిగాడు. లెక్క అందరిదీ, గుర్తూ అందరిదే అన్నాడు ఏసేపు. నేను ఆ కాగితం ముక్క చింపి, అలవాటుగా బల్ల మీద పెట్టబోయాను. సుంకప్ప చెయ్యి చాపాడు. నా చేతి నుంచి తీసుకొని కళ్లకద్దుకున్నాడు.

ఆ మర్నాటి నుంచి స్టూలు నా వైపు తిరిగింది. చీటీలు ఆయన చదివేవాడు, మీటలు నేను నొక్కేదాన్ని. ముందు ఖాళీ పిడి. పువ్వు పడిందా పాపా అని అడిగేవాడు. చుక్క పడింది తాతా అనేదాన్ని. తర్వాత మొదటి బోరా. మొదటి బోరాను ఆయన ఎప్పుడూ ఒకటి అనలేదు, కళ్లంలో గింజలు కొలిచేటప్పుడు అన్నట్టు, లాభం అనేవాడు. లాభం, రెండు వందల ఎనిమిది. రెండు, నూట తొంభై. మేనేజరు గారికి అది చిరాకు. లాభనష్టాలు మద్రాసువాళ్లు చూసుకుంటారు, నువ్వు ఒకటి అనవయ్యా అని గదిలోంచి కేకేసేవారు. ఒకటని మొదులుపెడితే ఒకటితోనే నిలిచిపోతాది సామీ అని ఈయన ఇక్కడి నుంచి జవాబు చెప్పేవాడు. ఆ కేక, ఆ జవాబు లేకుండా మా పని మొదలయ్యేది కాదు.

యుద్ధం వచ్చింది. సిరా గుడ్డలు దొరక్క అంకెలు పాలిపోయాయి. కాగితం చుట్టలు గరుకువి వచ్చేవి. బయట కరువు, లోపల పత్తి దుమ్ము, మధ్యాహ్నం గది పొయ్యిలా కాలేది. అయినా నా బతుకులో అంత సుఖంగా పని చేసింది ఆ ఏళ్లలోనే. ఆయన గొంతు, నా వేళ్లు, ఆ సుత్తులు, మూడూ ఒకే పనిలా నడిచేవి. ఆయన అంకె సగం చెప్పేసరికి మిగతా సగానికి నా వేలు పోయేది. నీళ్ల కుండలు రెండూ చివరిదాకా వేరుగానే ఉన్నాయి. ఒక ఎండాకాలం ఆయన కుండ పగిలింది. కొత్త కుండ తెచ్చుకోవడానికి ఆయన చాలా రోజులు ఆలస్యం చేశాడు. ఆ రోజులన్నీ నా కుండలో నీళ్లు తాగాడు.

చూపు తగ్గి, చీటీలు కనబడక, ఆయన పని మానేసి ఊరికి పోయాడు. పోయేరోజు మిషను అద్దాన్ని పంచె చెంగుతో తుడిచాడు. మిషనుకే చెప్పినట్టు, పాపను బాగా సూసుకో అన్నాడు. ఆ తర్వాత పండగలకు ఆయన కోడలు మహాదేవమ్మ చేత రాయించిన కార్డు వచ్చేది. పైన శ్రీ, నాలుగు మూలలా పసుపు. పువ్వు పడుతోందా అని అందులో అడిగేవాడు. చుక్క పడుతోందని రాసేదాన్ని. ఆయన స్టూలు మీద ఇంకెవరినీ కూర్చోనివ్వలేదు. చీటీలు మళ్లీ నేనే చదువుకున్నాను.

దేశానికి స్వాతంత్ర్యం రాబోతోందని అందరూ చెప్పుకుంటున్న వేసవి అది. పొద్దున పోస్టుమాను నా బల్ల మీద కార్డు పెట్టి పోయాడు. పత్తికొండ ముద్ర. పైన శ్రీ లేదు. మూలల్లో పసుపు లేదు. ఒక్క అక్షరం చదవకముందే నాకు తెలిసిపోయింది. చదివితే ఆ అక్షరాలు నిజమవుతాయని చాలాసేపు దాన్ని బోర్లించి పెట్టాను. చివరికి చదివాను. నిద్రలోనే పోయాడట.

బయట బండ్లు వచ్చి నిలబడ్డాయి. కాటా దగ్గరి నుంచి చీటీలు వస్తూనే ఉన్నాయి. మిషను ముందు కూర్చున్నాను. చెయ్యి దానంతట అదే ఖాళీ పిడికి పోయింది. ఆపాను. తెల్లటి కాగితం తలమీద ఏమీ లేకుండానే మొదటి బోరా కొట్టాను. మా ఇళ్లలో ఈ ఆచారం లేదు. మేము పోయినవాళ్లకు ప్రార్థన చేస్తాం, పాట పాడతాం. కానీ ఆయన కోసం ఆయన పద్ధతిలో చెప్పాలనిపించింది. జాబితా అంతా కొట్టి, కూడిక వేసి, చుట్టి, మేనేజరు గారి బల్ల మీద పెట్టాను.

వెంకోబరావు గారు అప్పటికి బాగా పెద్దవారయ్యారు. కళ్లజోడు సర్దుకొని, అలవాటు ప్రకారం కాగితం మొదలు విప్పి చూశారు. పువ్వు లేదు. తిట్టబోతున్నట్టు తల ఎత్తారు. నా మొహం చూశారు. మళ్లీ కాగితం తల వైపు చూశారు.

"ఎవరమ్మా?" అన్నారు.

సుంకప్ప అని చెప్పాను.

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. అలాంటి కాగితాన్ని చదివాక ఇంట్లో ఉంచుకోరు. ఆయన దాన్ని నిలువుగా చింపి, మళ్లీ అడ్డంగా చింపి, కిటికీలోంచి బయట వేశారు. తర్వాత లేచి నా గదిలోకి వచ్చారు. సుంకప్ప స్టూలు మీద కూర్చున్నారు. కోటు గుండీ విప్పుకొని, చీటీల కట్ట ఒళ్లో పెట్టుకున్నారు. మళ్లీ మొదట్నుంచి కొడదామమ్మా అన్నారు.

నేను కొత్త అంచు ఎక్కించి ఖాళీ పిడి లాగాను. తుమ్మిపువ్వు పడింది. ఆయన దాన్ని చూసి తల ఊపి, మొదటి చీటీ తీసి కళ్లకు దగ్గరగా పట్టుకున్నారు.

"లాభం," అన్నారు. "రెండు వందల ఎనిమిది."

నేను మీటలు నొక్కి పిడి లాగాను. మధ్యలో సున్నా సరిగ్గానే పడింది.